ఆదివారం ఆగే బండి

ఇంట్లో తాళంచెవి కనిపించకపోతే మా పెద్దమ్మ కంగారు పడదు, కేకలు వేయదు. ఇంటిని సగానికి కోస్తుంది. ముందు గదుల్లో ఉందా, వెనక గదుల్లో ఉందా అన్నది మొదట తేల్చుకుంటుంది. ముందు గదుల్లో లేదని తేలితే వాటి వైపు మళ్ళీ తల తిప్పదు. వెనక సగాన్ని రెండు చేస్తుంది, అందులో సగాన్ని మళ్ళీ రెండు చేస్తుంది. నాలుగో కోతకో ఐదో కోతకో తాళంచెవి ఏ చొక్కా జేబులోనో దొరికి తీరుతుంది. అదే నేనయితే ఒకే అలమారాను పదిసార్లు వెతికి, పదకొండోసారి ఎదురుపడినవాళ్ళ మీద విరుచుకుపడతాను. బడిలో లెక్కలు చెప్పే మనిషినే అయినా నాకు ఓపిక తక్కువ.

పెద్దమ్మకు ఈ పద్ధతి టెలిఫోను ఎక్స్ఛేంజి నేర్పింది. ఫాల్టుల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పని చేసింది. ఎక్కడో ఒక ఫోను మూగబోతే, ఎక్స్ఛేంజికీ ఆ ఇంటికీ మధ్య మైళ్ళ పొడవున సాగే తీగలో తప్పు ఏ చోట ఉందో పట్టుకోవడం ఆమె పని. లైనును మధ్యలో విడదీసి ఇటు సగం చూడాలి, అది బాగుంటే అటు సగం చూడాలి. ఆ పనిలో ఆమెకో సూత్రం ఉండేది. ఫిర్యాదు చేసినవాళ్ళు చెప్పింది వినాలి, రాసుకోవాలి, నమ్మకూడదు. తీగకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు, మనుషులకైతే సవాలక్ష అవసరాలు అనేది.

ఒక ఇంటి కథ ఎప్పుడూ చెప్పేది. ఆ ఇంట్లో అందరూ మాట్లాడితే ఫోను బాగానే పలికేది, కోడలు మాట్లాడితే మాత్రం గరగరమని తెగిపోయేది. ఆ పిల్ల గొంతు ఫోనుకు పడలేదని అత్తగారు తేల్చేసింది. పెద్దమ్మ వెళ్ళి ఒక పూటంతా కూర్చుని చూసింది. మిగతావాళ్ళు ఫోను పక్కనే నిలబడి మాట్లాడుతున్నారు. కోడలు మాత్రం తీగను సాగదీసుకుని పోయి మేడమెట్టు మీద కూర్చుంటోంది. సాగినప్పుడల్లా తీగ లోపల ఒక పోగు విడిపోతోంది. తీగ మార్చేసి, సంతకం పెట్టించుకుని వచ్చేసింది. మేం నవ్వేవాళ్ళం. ఆ పిల్ల మెట్టు మీదికి ఎందుకు పోయిందని మాలో ఎవరూ అడగలేదు. పెద్దమ్మా అడగలేదు, అది తీగకు సంబంధించిన ప్రశ్న కాదు కనక.

పెదనాన్న సర్వే ఆఫీసులో నక్షాలు గీసేవాడు. నలభై ఏళ్ళు వాలుబల్ల ముందు, ఎడమ మోచెయ్యి బల్లకు ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కుడిచేత్తో వెంట్రుక మందం గీతలు గీశాడు. ఇంట్లో కూడా అలాగే కూర్చుంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న రైలు మార్గం నక్షా ఆయనకు అప్పగించారు. మూడు స్టేషన్లు, ఒక సొరంగం, ఏటి మీద ఒక వంతెన. నాలుగేళ్ళు గీశాడు. ఐదో ఏట ఆ మార్గం అక్కర్లేదని పైవాళ్ళు ఫైలు కట్టేశారు. తన దగ్గర మిగిలిన ఒక ప్రతిని ఆయన రేకు గొట్టంలో పెట్టి అలమారా మీద పడుకోబెట్టాడు. ఇల్లు మారినప్పుడల్లా ఆ గొట్టం కూడా మారింది. ఎవరూ తెరవలేదు.

పోయినేడు కంటి డాక్టరు, చూపు అంచుల నుంచి మూసుకొస్తోందని, మందులతో నెమ్మది చేయగలం గాని ఆపలేమని చెప్పాడు. ఇంకా రెండు మూడేళ్ళు ఉండొచ్చట, ముందే పోనూ వచ్చట. ఇంటికొచ్చాక పెదనాన్న అలమారా పైన ఉన్న గొట్టం వైపు చూస్తూ కూర్చుని ఒకే ఒక్క మాట అన్నాడు.

"నేను గీసిన లైను మీద బండి నడుస్తుంటే ఒక్కసారి చూస్తే బాగుండేది."

మరుసటి వారం నేను వెళ్ళేసరికి భోజనాల బల్ల పెరటి గదిలోకి పోయింది. దాని చోట రెండు చెక్క స్టాండ్ల మీద మంచమంత ప్లైవుడ్ పలక పరిచి ఉంది. దాని మీద గొట్టంలోంచి తీసిన నక్షా ఉంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరం కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటున్నాం.

నేను ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. వారం వారం ఆ పలక మీద ఏదో ఒకటి మొలిచేది. రైళ్ళ బొమ్మలమ్మే దుకాణం నుంచి గజం గజం పొడవున్న ఉక్కు పట్టాలు వచ్చాయి. ఒక పట్టా కొసను ఇంకో పట్టా కొసకు కలపడానికి గోరంత రేకు క్లిప్పులు ఉంటాయి. ఒక్కో అతుకుకు రెండు. కరెంటు పట్టాల్లోనే పారుతుంది, ఇంజను చక్రాలతో దాన్ని అందుకుని నడుస్తుంది. అంటే ఇది కూడా ఒక లైనే, రెండు తీగలకు బదులు రెండు పట్టాలు. పెద్దమ్మ ముఖం వెలిగిపోవడానికి అది చాలు.

పేచీ మొదటి రోజే వచ్చింది. బండి ఆగకుండా తిరగాలంటే దారి రెండు కొసలూ కలవాలని పెద్దమ్మ అంది. తను గీసింది చక్రం కాదని, మొదటి స్టేషను మూడో స్టేషనుకు పక్కింటిది కాదని పెదనాన్న పట్టుబట్టాడు. రెండు వారాలు మాటల్లేవు. చివరికి మధ్యేమార్గం దొరికింది. రెండు కొసలూ వెనక వైపు అట్టతో కట్టిన కొండ చాటున కలుస్తాయి, ఆ కొండ నక్షాలో లేదు కనక లెక్కలోకి రాదు. పడమటి గోడ దగ్గర ఆ కలయిక జరిగిన రోజు పెదనాన్న అటు చూడనని బయట వరండాలో కూర్చున్నాడు. ఇంత పంతం ఉన్న మనిషి నాలుగేళ్ళ పనిని ఎలా గొట్టంలో పెట్టి మూత బిగించాడో నాకు అర్థం కాలేదు.

రంగులు ఆయనే వేశాడు. రెండో స్టేషను కిటికీ ఒకటి గోడ దాటి పైకప్పు మీదికి పోయింది. నేను చూపిస్తే, బ్రష్షు పాతదైందన్నాడు. వంతెన కమ్మీల్లో సగానికి రంగు అంటలేదు. తుప్పు పట్టినట్టు ఉండాలి కదా అన్నాడు. పేపరు నన్ను చదవమనేవాడు, కళ్ళజోడు అద్దాలు మార్చాలట. ప్రతిదానికీ ఒక జవాబు ఉంది, ప్రతి జవాబూ బాగానే ఉంది. నేను నమ్మాను. పెద్దమ్మ నమ్మిందో లేదో తెలియదు, ఆమె ధ్యాసంతా పట్టాల మీద ఉంది.

బండి మొదటిసారి కదిలింది ఒక బుధవారం పొద్దున, పెదనాన్న బయట నడకకు వెళ్ళినప్పుడు. నాలుగు చుట్లు ఆగకుండా తిరిగిందని పెద్దమ్మ నాకు ఫోను చేసింది. పెదనాన్నకు అందరి ముందూ చూపించాలని ఆదివారం దాకా బిగబట్టింది. ఆదివారం ఆయన కుర్చీలో కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. పెద్దమ్మ మీట తిప్పింది. బండి మొదటి స్టేషను దాటింది, సొరంగంలో దూరింది, బయటికొచ్చింది, రెండో స్టేషను దాటి వంతెనకు జానెడు దూరంలో టక్కున ఆగిపోయింది.

పట్టాలు తుడిచాం. చక్రాలు తుడిచాం. వేలితో నెడితే కాస్త కదిలి మళ్ళీ ఆగింది. సోమవారం పొద్దున పెద్దమ్మ ఒక్కతే తిప్పితే హాయిగా తిరిగిందట. మంగళవారం తిరిగింది, శుక్రవారం తిరిగింది. ఆదివారం ఆగింది. ఆ పై ఆదివారమూ ఆగింది, అదే చోట.

ఎక్కడైనా వారం చూసుకుని చెడిపోయే యంత్రం ఉంటుందా? నాకు నిద్ర పట్టలేదు. పెద్దమ్మ మాత్రం పాత ఉద్యోగం తిరిగొచ్చినంత సంబరంగా ఒక నోటుపుస్తకం తెరిచింది. ఆదివారానికీ మిగతా రోజులకూ తేడా ఏమిటని గీతలు గీసి రాసింది. పరీక్షలు పొద్దుటి పూట, ఆదివారం చూపించేది మధ్యాహ్నం. కాబట్టి ఎండ. మధ్యాహ్నం ఫాను తిరుగుతుంది. కాబట్టి ఫాను. మూడో వరసలో నా పేరు రాసింది.

"బండి ఆగిన ప్రతిసారీ నువ్వు ఉన్నావే అమ్మాయీ" అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా.

నీ పాదమహిమ అని పెదనాన్న నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఒక ఆదివారం నన్ను వీధిలోకి పంపి తలుపు వేశారు. కిటికీలో నుంచి చూస్తూ నిలబడ్డాను. బండి ఆగింది. అంత ఆనందంగా నేను ఏ బండి ఆగడాన్నీ చూడలేదు. కిటికీకి దుప్పటి కట్టి ఎండ ఆపారు, బండి ఆగింది. ఫాను కట్టేశారు, చెమటలు కారాయి, బండి ఆగింది. పెద్దమ్మ ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయింది. చివరికి ఆ గదిలో కొట్టేయకుండా మిగిలినవి బల్ల, కుర్చీ, కుర్చీలో పెదనాన్న.

అప్పుడామె లైను తెగిందో లేదో చూపించే మీటరు పెట్టె తెచ్చింది. దాని రెండు మొనలూ వంతెన ముందున్న అతుకుకు ఇటూ అటూ ఆనించి, నన్ను ముల్లు మీంచి కళ్ళు తిప్పొద్దంది. ముల్లు నిలకడగా ఉంది. పెదనాన్న ఎప్పటిలా ముందుకు వంగి, పలక అంచుమీద మోచెయ్యి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. ముల్లు పడిపోయింది. చెయ్యి తీయమంటే తీశాడు, ముల్లు లేచింది. ఆయన బరువుకు పలక ఒక వెంట్రుకంత వంగుతోంది, క్లిప్పులో పట్టా కొస ఎడం అవుతోంది. మిగతా రోజుల్లో పెద్దమ్మ పరీక్షించేటప్పుడు ఆయన నడకలో ఉంటాడు. ఆదివారాలే కుర్చీలో ఉంటాడు.

ఐదు వారాలు కొండను తవ్వి పట్టింది ఒక మోచేతిని. ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. నేను నిర్దోషినని నోటుపుస్తకంలో రాయించుకునేదాకా వదల్లేదు. నలభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుందని పెదనాన్న అన్నాడు. ఆ మాట మేమిద్దరం నమ్మాం. ఎందుకు నమ్మం, నలభై ఏళ్ళుగా చూస్తున్నదే కదా.

మోచెయ్యి తీస్తే బండి నడుస్తుంది. నేనయితే అక్కడితో దులుపుకుని లేచేదాన్ని. మనిషి కదిలితే చెడే లైను బాగయినట్టు కాదని పెద్దమ్మ అంది. రేకు క్లిప్పుల మీద నమ్మకం పోయింది. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, ఉన్న అతుకులన్నిటికీ టంకం పోసింది. ఆకురాయితో రాసి, వేలిగోటితో తడిమి, గీత కూడా తగలకుండా నున్నగా చేసింది. మూడు వారాలు పట్టింది. ఎందుకైనా మంచిదని పెదనాన్న కుర్చీని కూడా బల్లకు దూరంగా జరిపింది. ఇక చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడమంది. ఆయన సరేనన్నాడు. ఏదో అనబోయి సరేనన్నట్టు నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

ఆ ఆదివారం ఫాను గరగరా తిరుగుతోంది. పెద్దమ్మ మీట తిప్పింది. బండి కదిలింది. మొదటి స్టేషను, సొరంగం, రెండో స్టేషను. ఆ తర్వాత వంతెన. వెన్న మీద కత్తిలా దాటిపోయింది. మూడో స్టేషను, కొండచాటు, మళ్ళీ మొదటి స్టేషను. చప్పుడు లేదు. ఇంజను రొద అంటూ ఉంటే అది ఫాను కింద ఎక్కడో మునిగిపోయింది. రెండో చుట్టు తిరిగింది, మూడో చుట్టు మొదలైంది. నేను పెదనాన్న ముఖం వైపు చూశాను. ఆయన వంతెన వైపే కళ్ళు నిలిపి కూర్చున్నాడు. బండి సరిగ్గా ఆ వంతెన మీదుగా, ఆయనకు మూరెడు దూరంలో, నాలుగు పెట్టెలూ లాక్కుని పోతోంది.

"మళ్ళీ ఆగిందా?" అన్నాడు.

పెద్దమ్మ బండి వైపు చూసింది, ఆయన కళ్ళ వైపు చూసింది. బండి మూడో స్టేషను వైపు మలుపు తిరుగుతోంది. ఆమె చెయ్యి మీట మీదికి పోయింది. నెమ్మదిగా సున్నాకు తిప్పింది. బండి ఆగేదాకా ఉంది. పూర్తిగా ఆగాక అంది.

"ఆగిందండీ. చూస్తాను."

వంటింట్లోకి వెళ్ళాక పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు, దీపం వేయలేదు, గట్టు పట్టుకుని నిలబడింది. నాకు ముందు వచ్చింది కోపం. దాచిపెట్టినందుకు పెదనాన్న మీద, కిటికీ గోడ దాటినా వంతెన సగం మిగిలినా మాట్లాడని నా మీద, ముల్లు వైపు తప్ప మనిషి వైపు చూడని ఆమె మీద. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఆ గదిలో ఎండనూ ఫానునూ నన్నూ వెతికాం. ఆ మాటే అనబోయాను. ఆమె నాకంటే ముందే అంది.

"ఆ కోడల్ని కూడా నేను అడగలేదే. మెట్టు మీద ఎందుకు కూర్చుంటున్నావమ్మా అని."

మర్నాడు ఆమె ఆయనను అడిగింది. ఏం జరిగిందో నాకు ఫోనులో చెప్పింది. వంతెనకు రంగు వేసే నాటికే చూపు చాలావరకు పోయిందట. వెలుగూ నీడా తెలుస్తాయి, గుమ్మం తెలుస్తుంది, అంతే. మరి ఆదివారాలు ఏం చూస్తూ కూర్చున్నారని అడిగితే మోచెయ్యి చూపించాడట. బండి ఒక్కో అతుకు దాటినప్పుడు పలకలో చిన్న దెబ్బ పుడుతుంది. అది ఎముకకు తెలుస్తుంది. బండి మొదటిసారి ఆగేలోపే సొరంగం నుంచి ఎన్ని దెబ్బలకు ఎక్కడికి వస్తుందో లెక్క పెట్టుకున్నాడు. ఆ దెబ్బలన్నిటినీ పెద్దమ్మ మూడు వారాలు కూర్చుని, ఎంతో శ్రద్ధగా, ఒక్కటి మిగలకుండా చెరిపేసింది.

"ముందే చెప్పొచ్చు కదండీ" అందట.

"చెబితే ఇక ఎవరి కోసమని కట్టడం ఆపేస్తావనుకున్నాను" అన్నాడట ఆయన.

ఇది చెబుతూ పెద్దమ్మ ఫోనులో ఏడ్చింది. మా వంశంలో ఏడవని మనిషి అనే పేరు ఆమెకు ఉంది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమె ముక్కు చీదుకుని, నగలపని వాళ్ళు వాడే సన్నరంపం మీ వీధిలో దొరుకుతుందా అని అడిగింది.

మరుసటి ఆదివారం రంపం పట్టుకుని వెళ్ళాను. టంకం పోసి నున్నగా చేసిన పట్టాలను ఆమె మళ్ళీ కోసింది. కరెంటు తెగకుండా పలక కింద నుంచి ప్రతి కోతకూ ఒక తీగ ముక్క వేసింది. నేను కింద పడుకుని దీపం పట్టుకున్నాను, టంకం చుక్కలు నా జుట్టులో పడ్డాయి. ఈసారి కోతలకు ఒక లెక్క ఉంది. మొదటి స్టేషను ముందు ఒకటి, రెండో దాని ముందు రెండు, మూడో దాని ముందు మూడు. వంతెన మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా దగ్గర దగ్గరగా. సొరంగంలో ఒక్కటీ లేదు. మోచెయ్యి ఆనే చోట పలక వంగకుండా కింద ఒక కమ్మీ బిగించింది. దీనికి ఇంకో రెండు ఆదివారాలు పట్టాయి.

అంతా అయ్యాక పెద్దమ్మ కుర్చీని బల్ల దగ్గరికి లాగింది.

"మోచెయ్యి పెట్టుకోండి" అంది.

ఆయన పెట్టుకున్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఈసారి వంతెన వైపు చూస్తున్నట్టు నటించకుండా కళ్ళు మూసుకున్నాడు. బండి కదిలింది. చిటుక్. మొదటి స్టేషను అన్నాడు పెదనాన్న. తర్వాత ఏమీ వినిపించలేదు, ఆయన పెదవులు నవ్వాయి. సొరంగం అన్నాడు. చిటుక్ చిటుక్. ఆ తర్వాత వంతెన చినుకులు పడ్డట్టు మోగింది. మూడు దెబ్బలకు మూడో స్టేషను వచ్చింది. కొండచాటుకు పోయినప్పుడు మాత్రం, అది తన లైను కాదని చెయ్యి ఊపాడు. చుట్టు పూర్తయింది.

"చూశారా?" అంది పెద్దమ్మ.

"చూశాను."

ఇంకో రెండు చుట్లు అలాగే కూర్చున్నాడు. మూడో చుట్టులో ఆయన నుదురు ముడిపడింది. రెండో స్టేషనుకూ వంతెనకూ మధ్య ఒక కల్వర్టు ఉండాలన్నాడు. చిన్నదేనట, నక్షాలో ఉందట, వేయడం మరిచిపోయామట. నేను గొట్టంలోంచి నక్షా తీసి పరిచాను. నెలల తరబడి మేమిద్దరం దాని మీద వంగి నడుములు పోగొట్టుకున్నాం, అలాంటిదేదీ ఉన్న గుర్తు నాకు లేదు. పెద్దమ్మ భూతద్దం పెట్టి వెతికింది. ముందు నక్షాను సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి. ఉంది. గింజంత.

ఆమె బండిని ఆపి, రంపం అందుకుని, ఆ చోట పట్టా మీద ఆనించింది. పెదనాన్న మోచెయ్యి తీయలేదు.

"ఇంకాస్త ఎడమకి" అన్నాడు.